ఆ మెడికల్ షాపు కుర్రాడికి థాంక్స్ ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా నాన్నగారు రిటైర్డ్ టీచర్, తెనాలిలో ఒక్కరే ఉంటారు, చాలా ఏళ్ళుగా ఇన్సులిన్ మీదున్నారు. పోయిన నెల ఉన్నట్టుండి షుగర్ 300 దాటడం మొదలైంది. తిండి మారలేదు, డోస్ మారలేదు, మాకేం అర్థం కాలేదు. ఇన్సులిన్ సీసా కోసం వీధి చివర మెడికల్ షాపుకెళ్తే అక్కడ పనిచేసే కుర్రాడు "మాస్టారూ, ఈమధ్య సిరంజిలు మా దగ్గర తీసుకోవట్లేదు, ఏవి వాడుతున్నారు?" అని అడిగాడంట. తమ్ముడు ఆన్‌లైన్‌లో తెప్పించాడని చెప్తే, రాత్రి షాపు కట్టేశాక ఇంటికొచ్చి ప్యాకెట్ చూసి, ఇవి ఆ సీసాకి పనికిరావు అని వేరేవి ఇచ్చి వెళ్ళాడు. పైన డబ్బులిస్తే తీసుకోలేదు. తమ్ముడేమో ఇప్పటికీ ఆన్‌లైన్‌లో 20 శాతం తక్కువ కదా అక్కడే కొందాం అంటాడు, నాకు మనసొప్పట్లేదు. ఆ అబ్బాయికి ఏం చేస్తే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ అబ్బాయి చేసిందేంటో మీ తమ్ముడికి లెక్క వేసి చూపించండి. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దానికి ఎర్ర క్యాప్ సిరంజి. 100 యూనిట్లదైతే ఆరెంజ్ క్యాప్. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పెద్దవాళ్ళ కళ్ళకి ఎరుపేదో ఆరెంజేదో ఏం తెలుస్తుంది చెప్పండి. మీ నాన్నగారి డోస్ 20 అనుకుందాం, ఆరెంజ్ క్యాప్ సిరంజిలో 20 గీత అంటే మిల్లీలీటరులో ఐదో వంతే, కాబట్టి 40 సీసాలోంచి దాంతో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. అంటే సగం కూడా కాదు, మరి షుగర్ పెరగదా! ఇది తెలీక డాక్టరు డోస్ పెంచేసి, ఆ తర్వాత ఎప్పుడో మళ్ళీ ఎర్ర క్యాప్ సిరంజి చేతికొచ్చుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయేది, ఒంటరిగా ఉండే మనిషికి అది ఇంకా ప్రమాదం. ఇదంతా ఆ కుర్రాడి ఒక్క ప్రశ్నతో ఆగింది, అదీ సిరంజిలు తన దగ్గర కొనట్లేదని గుర్తుపెట్టుకుని అడిగాడు కాబట్టి.

మా అమ్మకి ఇన్సులిన్ మొదలైన కొత్తలో నాకూ ఇలాంటి మనిషే దొరికాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం, సీసా కొని చొక్కా జేబులో వేసుకోబోతుంటే "బస్సులో పోతారు కదా, ఆగండి సార్" అని ఫ్రిజ్‌లోంచి జెల్ ప్యాక్ తీసి, దాన్ని న్యూస్‌పేపర్‌లో రెండు మడతలు చుట్టి, అప్పుడు సీసా పక్కన పెట్టి కవర్లో వేశాడు. పేపరెందుకు అంటే ఐస్ నేరుగా తగిలితే మందు గడ్డకట్టి పాడైపోద్ది, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి అన్నాడు. ప్యాక్ మళ్ళీ వచ్చినప్పుడు తెచ్చివ్వండి చాలన్నాడు. అప్పట్నుంచి ఇంకో షాపు గడప తొక్కలేదు నేను.

ఇక థాంక్స్ సంగతి. డబ్బులు మళ్ళీ ఇవ్వకండి, ఒకసారి వద్దన్నాడు కదా, చిన్నబుచ్చుకుంటాడు. అతను ఓనరు కాదు, పనిచేసేవాడు, కాబట్టి మీరు తెనాలి వెళ్ళినప్పుడు ఓనరుగారి ముందే జరిగింది జరిగినట్టు చెప్పండి, మీవాడి వల్లే మా నాన్న బాగున్నారు అని. జీతం ఇచ్చే మనిషి చెవిన ఆ మాట పడటం కన్నా అతనికి పనికొచ్చేది ఇంకోటి లేదని నా నమ్మకం. నాన్నగారిచేత ఓ స్వీట్ బాక్స్ ఇప్పించండి, మాస్టారు ఇస్తే కాదనడు.

తమ్ముడిది కూడా తప్పని కొట్టిపారేయను, నెలనెలా మందుల ఖర్చు మామూలుదా. ఎమ్మార్పీ అంటే అంతకన్నా ఎక్కువ తీసుకోకూడదని, అంతకే అమ్మాలని కాదు, కాబట్టి నెల మందులన్నీ ఇక్కడే తీసుకుంటాం ఏమైనా తగ్గిస్తారా అని ఓనరుని మర్యాదగా అడగండి, చాలామంది ఎంతోకొంత తగ్గిస్తారు. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ అందులో ఉంటాయి. మరీ తేడా ఉంటే బీపీ మాత్రల్లాంటివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, ఇన్సులిన్, సిరంజిలు మటుకు ఒకే చోట, ఆ షాపులోనే. అలాగే ఎప్పుడైనా జ్వరానికి చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగితే ఆ అబ్బాయి ఇవ్వనన్నాడనుకోండి, కోపం తెచ్చుకోవద్దు, అదీ మన మంచి చూసి చేసే సర్వీసే.

షుగర్ ఎందుకు పెరిగిందో డాక్టరుగారికి ఫోన్ చేసి తప్పకుండా చెప్పండి, సొంతంగా డోస్ మార్చకండి. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు నాన్నగారి బీరువా, టేబుల్ సొరుగు, ఊరెళ్ళే బ్యాగు అన్నీ ఒకసారి వెతకండి, ఆరెంజ్ క్యాప్ సిరంజి ఒక్కటి కూడా మిగలకూడదు.