విరాళాల లెక్క చూడబోయే మేనకోడలికి

గవర్నర్‌పేట, విజయవాడ

చి. సింధుకు మామయ్య ఆశీస్సులు.

ఆసుపత్రులు, మందుల కంపెనీలు పార్టీలకు ఇచ్చే డబ్బు మీద నువ్వు రాస్తున్న వ్యాసం మొదటి పేజీ చదివాను. కోపం నిండుగా ఉంది, కాగితం ఒక్కటీ లేదు.

ముందు ఎన్నికల బాండ్ల జాబితాలు తీసుకో, అంటే పార్టీలకు విరాళంగా ఇవ్వడానికి స్టేట్ బ్యాంకులో కొన్న పత్రాలవి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేశాక, మార్చి 14న కొన్నవారి జాబితా, సొమ్ము చేసుకున్న పార్టీల జాబితా విడివిడిగా వచ్చాయి. ఎవరి సొమ్ము ఎవరికి చేరిందో తేలింది 21న బాండ్ల నంబర్లు వచ్చాకే. నంబరుతోనే జత కలుపు, తేదీలు దగ్గరగా ఉన్నాయని కలపకు. యశోద ఆసుపత్రి పేరున 162 కోట్లు కనబడగానే తొందరపడకు. బాండు కొనడం అప్పటి చట్టం ఒప్పుకున్నదే. ఇచ్చినందుకు ఏం దక్కిందో చెప్పాలంటే టెండరో, అనుమతో, వేరే కాగితం కావాలి. దొరక్కపోతే ఇచ్చింది ఇంత అని రాసి ఊరుకో.

తరువాత కంపెనీల వార్షిక నివేదికలు. రాజకీయ విరాళాన్ని లాభనష్టాల ఖాతాలో చూపాలని కంపెనీల చట్టం 182వ సెక్షను చెబుతుంది. మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం మించరాదన్న పరిమితిని 2017లో ఎత్తేశారు, ఆ సవరణా బాండ్ల తీర్పులోనే పోయింది. నేనైతే విరాళాల కన్నా ముందు చిల్లర పద్దులే చూసేవాణ్ణి. ఒకసారి సూర్యారావుపేటలో ఓ మందుల డిస్ట్రిబ్యూటర్ పుస్తకాల్లో ‘స్టేషనరీ’ కింద పదకొండు వేలు కనబడింది. ఇంత కాగితం ఏం చేశారయ్యా అని వోచరు తీయిస్తే, అది ఫ్లెక్సీల షాపు బిల్లు! వెనక పెన్సిలుతో ‘పుట్టినరోజు, బెంజి సర్కిల్, 6’ అని ఉంది. గుమాస్తా నవ్వి టీ తెప్పించాడు.

అమెరికా సంగతి ఇందులో కలగాపులగం చేయకు. అక్కడ లాబీయిస్టులు, అంటే కంపెనీల తరఫున చట్టసభ సభ్యులను ఒప్పించే పని చేసేవారు, పేరు నమోదు చేసుకుని మూడు నెలలకోసారి లెక్క చెప్పాలి, మనకు అలాంటి చట్టమే లేదు. ఒక్క ఉదాహరణ చాలు: వృద్ధుల కోసం అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్, దాని మందుల ధరల మీద ప్రభుత్వం బేరమాడకూడదని 2003లో చట్టం చేశారు. ఆ బిల్లును సభలో నడిపించిన వారిలో ఒకడైన బిల్లీ టౌజిన్ 2005లో మందుల కంపెనీల సంఘానికే అధిపతిగా చేరాడు. కొన్ని మందులకైనా బేరానికి వీలు కలిగింది 2022 చట్టంతో. ఈ మూడు సంవత్సరాలనూ వరుసగా పెట్టు, వ్యాఖ్య అక్కరలేదు.

శనివారం గుంటూరు నుంచి వచ్చేటప్పుడు బాండ్ల జాబితా అచ్చు తీసి తే. నంబర్లు నేను చదువుతాను, నువ్వు టిక్కులు పెడుదువుగాని.

మామయ్య