లేబుల్ మీద ‘పెర్ఫ్యూమ్’ అని మాత్రమే ఉంటే ఏం చేయాలి?

ఇల్లు తుడిచే కొత్త లిక్విడ్ మొదలుపెట్టిన మూడు వారాలకు మీ అమ్మగారి చేతులపై దురద, పగుళ్ళు వచ్చాయనీ, సీసా వెనుక ‘పెర్ఫ్యూమ్’ అన్న ఒక్క మాట తప్ప వివరమేమీ లేదనీ, ‘అన్‌సెంటెడ్’ అనో ‘నేచురల్’ అనో రాసి ఉన్నది కొంటే సరిపోతుందా అనీ అడిగారు. నేను డాక్టరును కాను. మలక్‌పేటలో ఉంటూ, మెడ మీదా మణికట్ల దగ్గరా ఇటువంటి బాధనే ఏడాదిన్నర పడి, చివరకు కారణం తెలుసుకున్నవాణ్ణి కాబట్టి ఆ అనుభవం మేరకు రాస్తున్నాను.

ఆ రెండు మాటలనూ నమ్ముకోవద్దు. ‘అన్‌సెంటెడ్’ అంటే ముక్కుకు వాసన తెలియదని మాత్రమే అర్థం. ముడిసరుకుల వాసనను అణచడానికి వేరొక సుగంధ ద్రవ్యం కలిపి ఉండవచ్చు. మీరు వెతకవలసిన మాట ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’. అది కనిపించినా జాబితా మొత్తం చదవాలి, ఎందుకంటే లావెండర్ నూనె, నారింజ తొక్క నూనె వంటివి తమ సొంత పేర్లతో అందులో చేరి ఉండవచ్చు.

నా విషయంలో మొదట ఎండనూ, చెమటనూ, వాచీ పట్టీనీ అనుమానించి, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న ఆయింట్‌మెంట్లు పూసుకున్నాను. పూసినన్నాళ్ళు తగ్గడం, మానగానే తిరగబెట్టడం. చివరకు చర్మవైద్యురాలు ప్యాచ్ టెస్ట్ చేశారు. వీపు మీద వరుసగా చిన్న బిళ్ళలు అతికించి, నలభై ఎనిమిది గంటల పాటు తడి తగలనివ్వకుండా ఉంచి, తీసిన రోజున ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకొకసారి చూశారు. ‘ఫ్రాగ్రెన్స్ మిక్స్’ అనే బిళ్ళ ఉన్నచోట చర్మం ఎర్రగా ఉబ్బింది. అందులో 8 పదార్థాలు ఉంటాయి: లవంగంలోని యూజెనాల్, దాల్చినచెక్క వాసననిచ్చే సిన్నమాల్, గులాబీలో ఉండే జెరానియాల్ మొదలైనవి. ఈ అలర్జీ వెంటనే కాక ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది కనుక, నిన్నటి దోషం ఇవాళ వాడిన సబ్బు మీద పడిపోతుంది. ఏళ్ళ తరబడి పడిన వస్తువు ఒకనాటి నుంచి పడకపోవడం కూడా మామూలే.

అసలు దోషి నేను పెళ్ళిళ్ళకు, పండుగలకు మెడకూ మణికట్టుకూ రాసుకునే అత్తరు. పత్తర్‌గట్టీలో కొన్నప్పుడు దుకాణదారు “ఇందులో ఆల్కహాల్ లేదు, అంతా పువ్వుల సారమే” అన్నాడు. ఆయన చెప్పింది నిజమే అయినా నాకు ఉపయోగం లేదు, గులాబీలోనే జెరానియాల్ ఉంది మరి. మన సున్నిపిండిలో వేసే బావంచాలు సైతం అంతే: వాటిలో సోరాలెన్ ఉంటుంది, దానికి ఎండ తోడైతే చర్మం కమిలిపోగలదు. (ఈ మాట మా పెద్దమ్మకు చెప్పి నేను చీవాట్లు తిన్నాను.)

ఇక లేబుల్ సంగతి. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం సౌందర్య సాధనాలపై పదార్థాల జాబితా ఉండాలి, కానీ 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకూ 30 గ్రాముల లోపు ఘనపదార్థాలకూ మినహాయింపు ఉంది. నా అత్తరు సీసా అందులోకే వస్తుంది. పైగా పదుల కొద్దీ పదార్థాల మిశ్రమమైన పరిమళం ‘పెర్ఫ్యూమ్’ అన్న ఒక్క మాటతో గడిచిపోతుంది. ఒంటికి పూసుకునేది కాదు కాబట్టి ఫ్లోర్ క్లీనర్‌కు ఆ రూల్స్ వర్తించనే వర్తించవు. యూరోపియన్ యూనియన్ మాత్రం 2003లోనే 26 సుగంధ పదార్థాలను, నిర్ణీత మోతాదు దాటితే పేరుపేరునా రాయాలని నిర్ణయించి, 2023లో ఆ జాబితాను 80 దాటించింది. డిటర్జెంట్లకు కూడా అక్కడ ఇటువంటి నియమం ఉంది. ఇక్కడ దొరికే కొన్ని సీసాల మీద ‘పెర్ఫ్యూమ్’ తరువాత లిమోనీన్, లినలూల్, సిట్రాల్ అని కనిపించడం ఆ పద్ధతి ప్రభావమే. అలా నాలుగు పేర్లున్న సీసాను చూసి భయపడి, ఒక్క మాటే ఉన్నదాన్ని ఎంచుకోవడం పొరపాటు. రెండోది తక్కువ చెబుతోందే తప్ప, అందులో తక్కువ ఉందని కాదు. నేను ఒక కంపెనీకి రాసి అడిగితే, అది వ్యాపార రహస్యమని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

నిమ్మ వాసన వచ్చే లిక్విడ్ అయితే మరొక జాగ్రత్త. లిమోనీన్, లినలూల్ గాలి తగిలి ఆక్సీకరణ చెందినప్పుడే ఎక్కువగా అలర్జీ కలిగిస్తాయి కాబట్టి, మూత వదులైన పాత సీసాను బాల్కనీలో నెలల తరబడి ఉంచుకోకండి.

మీ అమ్మగారిచేత ప్రస్తుతానికి ఆ లిక్విడ్ మాన్పించి, తడిపని చేసేటప్పుడు లోపల నూలు తొడుగులు, పైన రబ్బరు తొడుగులు వేయించండి. కొత్త క్రీము కొన్నప్పుడు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడవచ్చు గానీ, క్లీనర్‌నూ డిటర్జెంట్‌నూ అలా చర్మంపై పెట్టి పరీక్షించవద్దు. అవి అలర్జీ లేనివారి చర్మాన్ని కూడా కాల్చగలవు. తగ్గకపోతే ప్యాచ్ టెస్ట్ చేయించండి. మన ఊరి మే నెల చెమటకు బిళ్ళలు ఊడిపోతాయి, కాబట్టి చలికాలమైతే నయం. వెళ్ళేటప్పుడు కుంకుమ, తల నూనె, అగరుబత్తి పెట్టెతో సహా ఇంట్లో వాడేవన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. నేను మొదటిసారి సబ్బు ఒక్కటే పట్టుకెళ్ళి, అత్తరు ప్రస్తావనే లేకుండా ఇంటికి తిరిగి వచ్చాను.