టెక్ సందేహాలు: అయిదు వేల మీటర్ల ఎత్తున, సైకిల్ మీద

మధ్య ఆసియాలోని పామీర్, టిబెట్-లద్దాఖ్‌ల చాంగ్‌తాంగ్, దక్షిణ అమెరికాలోని ఆండీస్ ఆల్టిప్లానో... ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ అలాంటి చోట్ల వారాల తరబడి సైకిల్ తొక్కాలనుకుంటున్నవాళ్లవే. అక్కడ రోజుల తరబడి ప్లగ్గు దొరకదు, సిగ్నల్ ఉండదు, రాత్రిళ్లు చలి మైనస్ 15 దాకా దిగుతుంది. అందుకే ఏ మోడల్ కొనాలన్నది తర్వాతి మాట. దానికి కరెంటు ఎక్కడిది, అది ఆగిపోతే ఆ పని దేనితో నడుస్తుంది అన్నవి ముందు తేల్చుకోవాలి.

ప్రశ్న: ఇరవై రోజుల దారిలో ఎక్కడా ఛార్జింగ్ దొరకదు. ఫోన్, కెమెరా, జీపీఎస్, హెడ్‌ల్యాంప్ ఉంటాయి. సోలార్ ప్యానెల్, చక్రం తిరిగితే కరెంటు పుట్టించే డైనమో హబ్, పవర్ బ్యాంక్... వీటిలో ఏది నమ్ముకోవాలి?

ముందు కాగితం మీద లెక్క వేయండి. ఎంఏహెచ్‌లో కాదు, వాట్-అవర్లలో. బ్యాటరీ మీద రాసిన ఎంఏహెచ్‌ను వోల్టేజీతో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో సెల్ వోల్టేజీ 3.7 కాబట్టి అది 74 వాట్-అవర్లు. 5 వోల్టులకు పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది. చేతికి వచ్చేది 60-65 అనుకోండి.

ఇప్పుడు ఖర్చు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, దారి చూడ్డానికీ ఫొటోలకీ మాత్రమే వాడితే ఫోన్‌కు రోజుకు 5 వాట్-అవర్లు సరిపోతాయి. కెమెరాకు 3-4, జీపీఎస్‌కు 1-2, హెడ్‌ల్యాంప్‌కు 1. మొత్తం 11 దాకా తేలుతుంది. ఇరవై రోజులకు 220. పవర్ బ్యాంకులతోనే నెట్టుకురావాలంటే నాలుగు మోయాలి. పైగా విమానంలో చేతిసంచిలోనే తీసుకెళ్లాలి, ఒక్కోటి 100 వాట్-అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, ఎన్ని తేవచ్చన్నది ఎయిర్‌లైన్‌ను బట్టి మారుతుంది.

డైనమో హబ్ విషయంలో చాలామంది ఆశ తలకిందులయ్యేది వేగం దగ్గరే. హబ్ మీద రాసి ఉండే 6 వోల్టులు, 3 వాట్లు గంటకు 15 కిలోమీటర్ల వేగం దగ్గర వచ్చేవి. పామీర్ హైవేలో 4,655 మీటర్ల అక్‌బైతాల్ కనుమ ఎక్కుతుంటే, మట్టిరోడ్డు మీద నిండు సామానుతో 6-7 కిలోమీటర్లు దాటదు. ఆ వేగంలో యూఎస్‌బీ కన్వర్టర్ ఫోన్ ఒప్పుకునేంత కరెంటు ఇవ్వలేదు. కొండల్లో రోజంతా తొక్కినా 6-8 వాట్-అవర్లు మించి రావని లెక్క వేసుకోండి. చదును నేలలో ఇంతకన్నా చాలా మెరుగ్గా ఉంటుంది.

ఫోన్‌ను నేరుగా డైనమోకు తగిలించకండి. గతుకు వచ్చినప్పుడల్లా, వేగం తగ్గినప్పుడల్లా ఛార్జింగ్ ఆగి మళ్లీ మొదలవుతుంది. అలా మొదలైన ప్రతిసారీ స్క్రీన్ వెలుగుతుంది. సాయంత్రానికి చూస్తే పొద్దుటికన్నా తక్కువ ఛార్జి ఉన్నా ఆశ్చర్యం లేదు. డైనమో నుంచి చిన్న పవర్ బ్యాంక్‌కు, రాత్రి ఆ బ్యాంక్ నుంచి ఫోన్‌కు. ఇదే పద్ధతి. కాకపోతే కొన్ని పవర్ బ్యాంకులు ఇన్‌పుట్ ఒకసారి తెగితే, బటన్ నొక్కేదాకా మళ్లీ ఛార్జి తీసుకోవు. ఇంట్లోనే ప్లగ్గు పదిసార్లు తీసి పెట్టి పరీక్షించండి.

సోలార్‌కు ఆ ఎత్తు అనుకూలమే. 5,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగం కంటే కాస్త ఎక్కువ, ఎండ చురుగ్గా తగులుతుంది. కానీ కదిలే సైకిల్ మీద ప్యానెల్ సూర్యుడికి ఎదురుగా నిలవదు. ఒక మూల మీద బ్యాగు పట్టీ నీడ పడినా, వరుసగా కలిపిన సెల్స్‌లో మొత్తం కరెంటు పడిపోతుంది. 10 వాట్ల ప్యానెల్‌ను విశ్రాంతి రోజున గుడారం బయట సూర్యుడి వైపు తిప్పుతూ ఉంటే 25-30 వాట్-అవర్లు రాబట్టవచ్చు. ఛార్జి అవుతున్న బ్యాంక్‌ను మాత్రం ప్యానెల్ వెనక నీడలో ఉంచాలి.

నా ఓటు డైనమో, రెండు 20,000 ఎంఏహెచ్ బ్యాంకులకు. విశ్రాంతి రోజులు ఎక్కువుంటే డైనమో బదులు సోలార్. రెండూ మోయడం దండగ.

ప్రశ్న: నలభై శాతం చూపిస్తున్న ఫోన్ చలిలో ఒక్కసారిగా ఆగిపోతోంది. బ్యాటరీ పాడైనట్టేనా?

పాడైనట్టు కాదు. చలికి బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరవగానే ఫోన్ ఎక్కువ కరెంటు అడుగుతుంది, వోల్టేజీ కిందికి జారుతుంది, ఫోన్ తనను తాను ఆపేసుకుంటుంది. జాకెట్ లోపలి జేబులో అరగంట ఉంచితే ఛార్జి మళ్లీ కనిపిస్తుంది.

నిజంగా పాడయ్యేది ఛార్జింగ్ దగ్గర. లిథియం-అయాన్ సెల్‌ను సున్నా డిగ్రీల కన్నా తక్కువ వేడిలో ఛార్జ్ చేస్తే, లిథియం ఆనోడ్ (సెల్ లోపలి రుణ ధ్రువం) లోపలికి ఇంకకుండా పైన లోహపు పొరలా పేరుకుంటుంది. పోయిన సామర్థ్యం తిరిగి రాదు, లోపల షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. మంచి ఫోన్లు చలిలో ఛార్జింగ్ వాటంతటవే ఆపేస్తాయి, చౌక పవర్ బ్యాంకులకు ఆ తెలివి ఉండదు. కాబట్టి ఉదయాన్నే గడ్డకట్టిన బ్యాంక్‌ను డైనమోకు తగిలించవద్దు. బ్యాటరీ ఉన్న ప్రతి వస్తువూ రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో మీ పక్కనే పడుకోవాలి. బోలు పోగులతో పనిచేసే నీటి ఫిల్టర్ కూడా అక్కడే. ఒక్కసారి గడ్డకడితే దాని పోగులు పైకి తెలియకుండా చిట్లుతాయి, తర్వాత నీళ్లు వస్తాయి కానీ వడకట్టిన నీళ్లు కావు.

కెమెరాను బయటి నుంచి వెచ్చటి చోటికి తెచ్చేముందు జిప్‌లాక్ సంచిలో మూసేయండి. తేమ సంచి మీద పడుతుంది, లెన్స్ మీద పడదు.

ప్రశ్న: ఫోన్ మ్యాపులు చాలవా? విడిగా జీపీఎస్ పరికరం ఎందుకు?

మ్యాపులకు ఫోన్ చాలు. ఆధారపడటానికి ఒక్క ఫోన్ చాలదు. గార్మిన్ ఈట్రెక్స్‌లో కొన్ని మోడళ్లకు రెండు ఏఏ సెల్స్ వేస్తే చాలు. ఛార్జ్ చేయనక్కర్లేని లిథియం ఏఏ సెల్ మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేస్తుంది, ఆల్కలైన్ కన్నా తేలిక. సెట్టింగ్స్‌లో బ్యాటరీ రకాన్ని లిథియంగా మార్చడం మరవద్దు. ఆ సెల్స్ వోల్టేజీ చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది, తప్పు రకం పెడితే మీటరు చెప్పేది నమ్మలేం.

గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో కారు దారులే చూపిస్తుంది, సైకిల్, నడక దారులు చూపించదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఓస్మ్‌యాండ్ గానీ ఆర్గానిక్ మ్యాప్స్ గానీ పెట్టుకోండి. ఓస్మ్‌యాండ్‌లో ఎత్తు గీతలను విడిగా దించుకోవాలి, అవి లేకపోతే చదునుగా కనిపించిన దారి గోడలా నిలబడుతుంది. మీ దారిని దాచుకున్న జీపీఎక్స్ ఫైలును ఫోన్‌లోనూ పరికరంలోనూ ఉంచండి. వాగులు దాటే చోట్ల శాటిలైట్ చిత్రాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. మ్యాపులో ఒక్క నీలి గీతగా కనిపించేది నేలమీద ఆరు పాయలై ఉండొచ్చు. మంచు కరిగి వచ్చే వాగులు మధ్యాహ్నానికి ఉప్పొంగుతాయి, తెల్లవారుజామున దాటాలి.

చైనా వైపు వెళ్లేవాళ్లకు ఒక ముక్క. అక్కడి అధికారిక మ్యాపులు జీసీజే-02 అనే వేరే అక్షాంశ-రేఖాంశ పద్ధతి వాడతాయి, అందువల్ల మీ చుక్క కొన్ని వందల మీటర్లు పక్కకు జరిగి కనిపించవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ తేడా రాదు.

ఇంటర్నెట్ లేనిచోట ఫోన్ తొలిసారి స్థానం పట్టుకోవడానికి చాలాసేపు తీసుకుంటుంది, ఉపగ్రహాల సమాచారం ఆకాశం నుంచే నెమ్మదిగా రావాలి కనుక. సైకిల్ ఆపి, ఫోన్‌ను ఆకాశం కనిపించేలా కదపకుండా ఉంచండి.

ప్రశ్న: ఆపదలో ఎస్‌ఓఎస్‌కు ఇన్‌రీచ్ (శాటిలైట్ ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరం) కొనాలా? ఐఫోన్‌లో శాటిలైట్ సదుపాయం ఉంది కదా?

ఐఫోన్ 14 నుంచి ఉన్న ఆ సదుపాయం కొన్ని దేశాల్లోనే పనిచేస్తుంది, మీరు వెళ్లే దేశం ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. ఇన్‌రీచ్ ఇరిడియం ఉపగ్రహాల మీద నడుస్తుంది, అవి ధ్రువం నుంచి ధ్రువం దాకా భూమంతా కవర్ చేస్తాయి. రెండువైపులా సందేశాలు నడవడమే దాని అసలు విలువ. కాలు విరిగిందా, ఊపిరాడటం లేదా అన్నది అవతలివాళ్లకు చెప్పగలగాలి. ఆపద సంకేతం మాత్రమే పంపే 406 మెగాహెర్ట్జ్ పీఎల్‌బీ పరికరానికి నెలవారీ చందా లేదు, బ్యాటరీ ఏళ్ల తరబడి నిలుస్తుంది, కానీ ఒకవైపే పలుకుతుంది.

కొనేముందు చట్టం చూడండి. భారత్‌లో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్‌గానీ ఇన్‌రీచ్‌గానీ వెంట ఉంచుకోవడం నేరం, విమానాశ్రయంలో పర్యాటకులను అరెస్టు చేసిన సందర్భాలున్నాయి. దేశదేశానికీ నిబంధన వేరు. ఇంకో సంగతి: బటన్ నొక్కగానే హెలికాప్టర్ రాదు. ఆ ప్రాంతంలో రక్షణ బృందమే లేకపోవచ్చు. ప్రయాణ బీమాలో ఎత్తు పరిమితి ఎంతో చదవండి, చాలా పాలసీలు 5,000 మీటర్లను కవర్ చేయవు.

ప్రశ్న: వాచీలో రక్తంలోని ఆక్సిజన్ శాతం చూసుకుంటూ ఎక్కితే సరిపోతుందా?

సరిపోదు. చలికి చేతి రక్తనాళాలు ముడుచుకుంటాయి, హ్యాండిల్‌బార్ కుదుపులకు సెన్సర్ జరుగుతుంది, అంకె అటూఇటూ ఊగుతుంది. బాగా అలవాటు పడినవాళ్లకు కూడా 5,000 మీటర్ల మీద 80ల్లోకో అంతకన్నా కిందికో దిగడం మామూలే. నమ్మాల్సింది లక్షణాలను: తలనొప్పి, వాంతి, నడకలో తూలడం, కూర్చున్నా ఆయాసం. తూలుడు గానీ కూర్చున్నా ఆయాసం గానీ కనిపిస్తే వాచీ ఏం చెప్పినా అప్పటికప్పుడే కిందికి దిగాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దు, మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఆగండి.

వాచీలోని ఎత్తు అంకె కూడా మోసం చేస్తుంది, అది గాలి ఒత్తిడిని బట్టి ఎత్తును లెక్కిస్తుంది కనుక. గాలి ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ మారితే సముద్రమట్టంలో 8 మీటర్ల తేడా, 5,000 మీటర్ల దగ్గర 14 మీటర్ల తేడా. రాత్రి వాతావరణం మారితే గుడారంలో పడుకున్నవాళ్లు కదలకుండానే 50 మీటర్లు ఎక్కినట్టు చూపిస్తుంది. అది మంచి హెచ్చరిక కూడా: ఎక్కకుండానే ఎత్తు పెరిగిందంటే ఒత్తిడి పడిపోయినట్టు, గాలివాన రావచ్చు. కనుమ బోర్డు దగ్గర ఎత్తు మళ్లీ సెట్ చేసుకోండి.

ప్రశ్న: ఫొటోలు దాచడానికి పాత హార్డ్‌డిస్క్ తీసుకెళ్లవచ్చా?

వద్దు. తిరిగే డిస్క్ మీద డేటా చదివే హెడ్ పలచటి గాలి పొర మీద తేలుతుంది, ఎత్తున గాలి పలచబడితే ఆ పొర సరిపోదు. అందుకే చాలా హార్డ్‌డిస్కులకు పనిచేసే ఎత్తు పరిమితి 3,000 మీటర్ల దగ్గరే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ గానీ రెండు మెమరీ కార్డులు గానీ చాలు.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ గేర్లు మంచివా, కేబుల్‌వా?

ఇలాంటి దారికి కేబుల్. ఎస్‌రామ్ కంపెనీ ఏఎక్స్‌ఎస్ ఎలక్ట్రానిక్ గేర్లలో డీరైలర్ (గొలుసును గేరు నుంచి గేరుకు జరిపే భాగం) బ్యాటరీ దాదాపు 60 గంటల తొక్కుడుకు వస్తుంది, అంటే ఇరవై రోజుల్లో కనీసం ఒకసారి ఛార్జ్ చేయాలి, షిఫ్టర్‌లో (హ్యాండిల్ దగ్గరి గేరు మీట) వేరే కాయిన్ సెల్. డీరైలర్‌ను ఫ్రేమ్‌కు బిగించే హ్యాంగర్ వంగితే రెండింటికీ కష్టమే, హ్యాంగర్ ఒకటి అదనంగా పెట్టుకోండి. కేబుల్ ఎక్కువగా తెగేది షిఫ్టర్ లోపల, తల దగ్గర. పోగులు విడిపోవడం మొదలైతే గేర్లు సరిగా పడవు, అప్పుడే మార్చేయండి, పూర్తిగా తెగాక ఆ తల లోపలే ఇరుక్కుంటే తీయడం కష్టం. రెండు గేరు కేబుళ్లు, ఒక బ్రేక్ కేబుల్, వాటిని కోసే చిన్న కట్టర్ సంచిలో ఉంటే చాలు.