తిరుగుబాటు పోప్ మీదా, పోప్ పాలన మీదా?

సందేహం: రోమ్ చరిత్ర గురించి రాస్తూ "జోర్డానో పియర్లియోని అనే జమీందారు పోప్‌కు వ్యతిరేకంగా విప్లవం చేశాడు" అన్నాను. మా మాస్టారు జమీందారు, వ్యతిరేకంగా, విప్లవం అనే మూడు మాటల కింద గీత గీశారు. పోనీ "పితూరీ" అనవచ్చా?

సమాధానం: మాస్టారు గీసిన గీతలు సరైనవే. ఆయన వదిలేసిన "పోప్‌కు" అన్న మాటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

1143లో రోమన్లకు పొరుగున ఉన్న తివోలీతో గొడవ. ఆ ఊరిని పూర్తిగా అణిచెయ్యాలని వాళ్ల పంతం. అప్పట్లో రోమ్‌ను పాలిస్తున్న పోప్ రెండో ఇన్నోసెంట్ మాత్రం మెత్తగా సంధి చేసుకున్నాడు. జనం మండిపడి, కాపిటల్ గుట్ట ఎక్కి పాతకాలపు సెనేట్‌ను మళ్లీ నిలబెట్టారు. జోర్డానో ముందుకొచ్చింది ఆ తర్వాతే. 1144లో ఆయన్ని పాట్రీషియన్‌గా, అంటే నగర నాయకుడిగా ఎన్నుకుని, అప్పటి పోప్ రెండో లూసియస్ ముందు ఒక కోరిక పెట్టారు: రాజ్యాధికారాలన్నీ పాట్రీషియన్‌కు అప్పగించాలి, పోప్ పూర్వపు అర్చకుల్లా దశమభాగాలతో, కానుకలతో బతకాలి. మతపీఠం దిగిపొమ్మని వాళ్లు అడగలేదు, చూడండి. కాబట్టి "పోప్ పాలన మీద" అనే రాయాలి. "పాలన" అన్న మాట పోతే అదేదో మత కలహం అనిపిస్తుంది.

తిరగబడటంలోనే ఎదిరించడం ఉంది కనుక "వ్యతిరేకంగా తిరుగుబాటు" అనేది పత్రికల అలవాటు మాత్రమే. రాజు మీద తిరగబడ్డారు, రాజుకు ఎదురు తిరిగారు అంటాం. ఆ సొంపు పోగొట్టుకోకండి. ఇక "విప్లవం" అంటే నేటి పాఠకుడికి పాతదాన్ని కూలదోసి కొత్త వ్యవస్థ తేవడం స్ఫురిస్తుంది. పాత సెనేట్‌ను తిరిగి తెచ్చామని చెప్పుకున్నవాళ్లకు అది అతకదు. పైగా జోర్డానో చేరేనాటికే జనం కదిలారు కదా, "చేశాడు" అని ఒక్కడికే కట్టబెట్టడం అన్యాయం.

"జమీందారు" అనగానే మనకు శిస్తు, పేష్కష్ గుర్తొస్తాయి. పియర్లియోనిలు డబ్బుతో, పలుకుబడితో ఎదిగిన నగరవాసులు. జోర్డానో సోదరుడే రెండో అనక్లెటస్ పేరుతో 1130 నుంచి 1138 దాకా ఇన్నోసెంట్‌కు పోటీ పోప్‌గా ఉన్నాడు. అలాంటి ఇంటివాణ్ణి "కులీనుడు" అంటే చాలు.

మీ వాక్యాన్ని ఇలా మారుస్తాను: "పోప్ పాలన మీద తిరగబడ్డ రోమ్ ప్రజలు 1144లో కులీనుడైన జోర్డానో పియర్లియోనిని నాయకుడిగా ఎన్నుకున్నారు." తర్వాతి కథ కూడా రాస్తే బాగుంటుంది. 1145 ఫిబ్రవరిలో లూసియస్ కాపిటల్ మీద దాడికి దిగి ఓడిపోయాడు, ఆ వెంటనే చనిపోయాడు. రాయి దెబ్బకే పోయాడని ఒక కథనం. ఆ ఏడాది చివర్లో తర్వాతి పోప్ మూడో యూజీనియస్‌తో రాజీ కుదిరి పాట్రీషియన్ పదవి రద్దయింది, సెనేట్ మాత్రం నిలిచింది.

"పితూరీ" వద్దు. 1879 నాటి రంప పితూరీ లాంటి మన్యం పోరాటాలతో ముడిపడిన మాట అది. చాడీలు చెప్పడం అనే అర్థం కూడా వాడుకలో ఉంది కనుక రోమ్ కథలో పాఠకుడు తికమక పడతాడు.