ఆర్గానిక్ చదివి కాలుష్య నియంత్రణ వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: ఎంఎస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. గాలి, నీటిలోని కాలుష్యాన్ని ఆక్సీకరణంతో విడగొట్టే ఉత్ప్రేరకాలపై పరిశోధన చేయాలనుంది. ‘చేతికందే ఫార్మా ఉద్యోగం వదులుకుంటావా?’ అంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: నిశ్చింతగా వెళ్లండి. ఈ పరిశోధనలో చాలామందికి కొరవడేది మీరు చదువుతున్న ఆర్గానిక్కే. ఫెంటన్ చర్యనే చూడండి, 1894 నాటిది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు ఫెర్రస్ (ఇనుము) అయాన్ తోడైతే హైడ్రాక్సిల్ రాడికల్ అనే మహా చురుకైన కణం పుడుతుంది. దాని దెబ్బకు తట్టుకునే కర్బన పదార్థాలు తక్కువ. అయితే నీటిలో కలిసిన మందు అణువు ఒక్క దెబ్బకే కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోదు. మధ్యలో రకరకాల ముక్కలు పుడతాయి. కొన్ని అసలు మందుకంటే ప్రమాదకరం కావచ్చు. ఎల్‌సీ-ఎంఎస్ (అణువులను విడదీసి బరువు తేల్చే పరికరం) ఫలితాలు చూసి ఆ ముక్కలేమిటో తేల్చాలంటే ఆర్గానిక్ రావాల్సిందే.

ఫార్మాకూ దీనికీ దూరం కూడా తక్కువే. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ఒక అధ్యయనం వెల్లడించింది. బ్యాక్టీరియాతో శుద్ధి చేసే ట్యాంకులోకి యాంటీబయాటిక్ వెళ్తే ముందు ఆ బ్యాక్టీరియాకే ఎసరు! రసాయన ఆక్సీకరణం అవసరమయ్యేది ఇలాంటి చోటే.

గైడ్ ఎంపికలో మాత్రం తొందరపడొద్దు. మిథిలీన్ బ్లూ అనే రంగు కలిపిన నీళ్లలో టైటానియం డయాక్సైడ్ ఉత్ప్రేరకం వేసి, దీపం కింద పెట్టి, రంగు పోయింది కాబట్టి కాలుష్యం పోయిందని తేల్చే థీసిస్‌లు కుప్పలుగా ఉన్నాయి. రంగు పోయినా కర్బనం అలాగే ఉండొచ్చు. టోటల్ ఆర్గానిక్ కార్బన్ (నీటిలో మిగిలిన మొత్తం కర్బనం) కొలిచారా, ఫ్యాక్టరీ నీటితో ప్రయత్నించారా, ఉత్ప్రేరకాన్ని మళ్లీ వాడితే పనిచేసిందా అన్నది ఆయన పేపర్లలో వెతకండి. డిస్టిల్డ్ వాటర్‌లో అన్నీ బాగానే పనిచేస్తాయి. అసలు వ్యర్థజలాల్లో ఉండే క్లోరైడ్, బైకార్బొనేట్ రాడికల్స్‌ను మింగేస్తాయి. పైగా మామూలు ఫెంటన్‌కు పీహెచ్ 3 దగ్గర ఉండాలి.

ఉద్యోగాల మాటకొస్తే, నా అంచనాలో గాలి వైపే మెరుగు. పెట్రోలు కారు పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌లో ఉత్ప్రేరకాలుగా ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు వచ్చాక డీజిల్ వాహనాలకూ ఉత్ప్రేరకాల అవసరం పెరిగింది. ఉత్ప్రేరకాలు తయారుచేసే జాన్సన్ మాథే, యుమికోర్ వంటి సంస్థలకు మన దేశంలో ప్లాంట్లున్నాయి. నీటి వైపు ప్రస్తుతానికి ఉద్యోగాలకంటే పరిశోధనకే చోటెక్కువ.

పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాయండి. జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. గేట్ కెమిస్ట్రీ కూడా రాసి ఉంచుకోండి. హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, నాగ్‌పుర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, ఐఐటీ మద్రాస్‌లోని కెటాలిసిస్ పరిశోధన కేంద్రం చూడదగినవి. ఈలోగా కైనెటిక్స్ (చర్యల వేగం), అధిశోషణం (ఉపరితలానికి అణువులు అంటుకోవడం) గట్టిగా చదవండి. ఆర్గానిక్ విద్యార్థులు పరీక్ష కాగానే వదిలేసేవి అవే!

రెండో ఏడాది ప్రాజెక్టు మీ డిపార్ట్‌మెంట్‌లోనే చేయొచ్చు. ఫెర్రస్ సల్ఫేట్, పెరాక్సైడ్, పీహెచ్ మీటర్, సీఓడీ (నీటిలోని కాలుష్యాన్ని ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్) కొలిచే ఏర్పాటు ఉంటే మొదలుపెట్టండి. సీఓడీ చూసేముందు మిగిలిన పెరాక్సైడ్‌ను తొలగించండి. లేకపోతే అది కూడా ఆ పరీక్షలో వాడే డైక్రోమేట్‌ను ఖర్చు చేసి, లెక్క ఎక్కువ చూపిస్తుంది.