'లా ఇస్తోరియా ఒఫిసియాల్': అలిసియాకు అయిదేళ్లూ నిజంగానే ఏమీ తెలియదా?

అర్జెంటీనా సినిమా 'లా ఇస్తోరియా ఒఫిసియాల్' (అంటే 'అధికారిక చరిత్ర', 1985, దర్శకుడు లూయిస్ పుయెన్సో) చూసి మీరు అడిగింది ఇదీ: అలిసియా హిస్టరీ టీచరై ఉండి, తను పెంచుకుంటున్న పాప ఎక్కడి నుంచి వచ్చిందో అయిదేళ్లు అడగకుండా ఎలా ఉంది, ఇది కథలో లోపం కాదా అని. లోపం కాదండీ, సినిమా మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడింది. కాకపోతే అక్కడి తేదీలు తెలియకుండా చూస్తే అలిసియా ఒట్టి అమాయకురాలిలా కనిపిస్తుంది.

సైన్యం 1976 మార్చి 24న అధికారం లాక్కుంది. ఇళ్ల నుంచి, వీధుల్లోంచి మనుషుల్ని ఎత్తుకుపోయి, ఆచూకీ అడిగితే మాకు తెలియదనేది. తర్వాత వచ్చిన విచారణ సంఘం 8,961 మంది మాయమైనట్టు నమోదు చేసింది, హక్కుల సంఘాల లెక్క 30,000. ఇరుగుపొరుగు మాత్రం 'ఏదో చేసే ఉంటారు, ఊరికే పట్టుకుపోతారా' అనుకుని తలుపులు వేసుకున్నారు. పాత స్నేహితురాళ్ల విందు సీన్లో వినిపించే ధోరణి అదే. 1982 జూన్‌లో బ్రిటన్‌తో మాల్వినాస్ (ఫాక్‌లాండ్స్) దీవుల కోసం చేసిన యుద్ధం ఓడిపోయాకే సైన్యం పట్టు సడలింది, జనం నోళ్లు తెరుచుకున్నాయి. సినిమా మొదలయ్యేది 1983 మార్చిలో, బడులు తెరిచే రోజున. అంటే ఊరు ఊరంతా అప్పుడే మాట్లాడటం మొదలుపెట్టింది, అలిసియా చెవిన పడిందీ అప్పుడే.

గర్భిణులైన ఖైదీలను ప్రసవం దాకా బతకనిచ్చి, బిడ్డను తీసుకుని తల్లిని మాయం చేసేవారు. బిడ్డకు దొంగ కాగితాలు పుట్టించేవారు. ప్రవాసం నుంచి తిరిగొచ్చిన స్నేహితురాలు ఆనా ఈ సంగతి చెప్పే సీన్ మళ్లీ చూడండి. ఇద్దరూ తాగి నవ్వుతుంటారు. ఆనా తను పడ్డ చిత్రహింసలు చెబుతూ చెబుతూ ఏడుపులోకి జారిపోతుంది. పిల్లల మాట రాగానే అలిసియా ముఖం బిగుసుకుపోతుంది, ఇదంతా నాకెందుకు చెబుతున్నావని అడుగుతుంది. నా లెక్కలో ఆమెకు తెలిసిపోయింది అక్కడే. ఆ తర్వాత ఆమె వెతికేది రుజువు కోసమే.

పుట్టినరోజు సీన్ కూడా చాలామంది గమనించరు. అలిసియా పెంచుకుంటున్న పాప గాబీ గదిలో బొమ్మతో ఆడుకుంటుంటే మగపిల్లలు బొమ్మ తుపాకులతో తలుపు తోసుకుని లోపలికొస్తారు, పాప హడలిపోయి కేక పెడుతుంది. ఎవరూ ఏమీ వివరించరు. వివరించకపోవడమే మంచిదైంది.

మాయమైన కూతురి బిడ్డ కోసం వెతికే అవ్వ సారా. గాబీ ఆమె మనవరాలేనని చివరికీ తేలలేదని మీరన్నారు. ఆ కాలానికి అదే నిజం. అమ్మానాన్నలు లేకపోయినా అవ్వాతాతల రక్తంతో బంధుత్వం తేల్చే పద్ధతి 1984 ప్రాంతంలోనే రూపుదిద్దుకుంది, జాతీయ జన్యు సమాచార బ్యాంకు చట్టం 1987లో గానీ రాలేదు. అందుకే 1983లో సారా దగ్గర ఉన్నవి ఫోటోలే. తన కూతురి చిన్ననాటి ఫోటో బల్ల మీద పెడుతుంది, అది అచ్చం గాబీ. బ్యూనస్ ఐర్స్‌లోని ప్లాసా దె మాయో కూడలిలో మాయమైనవాళ్ల తల్లులు నడుస్తూనే ఉండటానికీ కారణముంది: గుంపుగా నిలబడితే పోలీసులు కదలమనేవారు, కాబట్టి తిరుగుతూ నిరసన తెలిపారు. తలకు కట్టిన తెల్ల గుడ్డలు మొదట్లో పసిపిల్లల పొత్తిగుడ్డలే.

పేరు సంగతి. స్పానిష్‌లో 'ఇస్తోరియా' అంటే చరిత్రా అవుతుంది, కథా అవుతుంది. మన మనుచరిత్ర, వసుచరిత్రల్లో 'చరిత్ర' ఎలాంటిదో అలాంటిది. క్లాసులో ఓ కుర్రాడు చరిత్ర రాసేది హంతకులేనంటాడు, టీచరమ్మ కోప్పడుతుంది. పాప గురించి ఇంట్లో భర్త రొబెర్తో అల్లిన కథను ఆమె అంతకాలం అధికారిక చరిత్రలాగే నమ్మింది.

మళ్లీ చూసేటప్పుడు చివరి పది నిమిషాలు తొందరపడకండి. రొబెర్తో తలుపు సందులో ఆమె వేళ్లు నలిపేస్తాడు. ఆమె వెళ్లిపోతూ తాళాలు తలుపుకే వదిలేస్తుంది. ఆఖరి షాట్‌లో గాబీ ఊగే కుర్చీలో కూర్చుని పాడేది మరియా ఎలెనా వాల్ష్ పిల్లల పాట. అందులోని దేశం పేరు 'నోమేఅక్వెర్దో', విడదీస్తే 'నాకు గుర్తులేదు'. సబ్‌టైటిల్స్‌లో ఈ మాట చాలాసార్లు జారిపోతుంది, చెవి పెట్టి వినండి.