ఎండకు కొదువ లేదు, జాగకే కొదువ

"ఎండాకాలం మన దగ్గర నిప్పులు కురుస్తయి కదా, ఆ వేడితోనే సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసి ఊళ్లకు ఎందుకియ్యరు?" అని అడిగారు. ఇచ్చినోళ్లున్నారు. చిలీలో లాస్ సాలినాస్ అనే గనుల ఊర్లో 1872లోనే అద్దాల మూతలున్న తొట్లలో ఉప్పునీళ్లు పోసి, ఉత్త ఎండతో రోజుకు 20 వేల లీటర్లకు పైగా తీశారు. గుజరాత్‌లో భావనగర్ దగ్గరి అవానియా ఊరికి 1978లో అట్లాంటి ప్లాంటే పెట్టారు.

ఊరు పెద్దదైతేనే చిక్కు. హన్మకొండలో మా బంగ్లా మీద ఒక సోలార్ స్టిల్ పెట్టుకున్న, అంటే ఎండకు ఉప్పునీళ్లు ఆవిరై, ఆ ఆవిరి అద్దానికి తగిలి మంచినీళ్లయ్యే పెట్టె. ప్లైవుడ్ పెట్టె, నల్ల రంగేసిన రేకు, మీద ఏటవాలుగా అద్దం, గంతే. సముద్రం మనకు ఎక్కడిది, ఉప్పటి బోరు నీళ్లే పోస్త. మంచి ఎండ కాసిన రోజు చదరపు మీటరుకు మూడు లీటర్లు వస్తే గొప్ప. మబ్బు పట్టిందంటే సగం గూడ రాదు. అంచులకు పెట్టిన సిలికాన్ ఎక్కడన్నా ఊడితే ఆవిరంతా బయటికే. అడుగున పేరుకున్న తెల్లటి పెచ్చును గీకుడు ఇంకో పని.

లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 2,300 కిలోజౌళ్ల వేడి పడుతది. చదరపు మీటరు మీద రోజంతా పడే ఎండే 20 వేలు, అటూ ఇటూగా. ఇసుమంత వృథా కాకున్నా తొమ్మిది లీటర్లు దాటవు. పైగా ఆవిరి అద్దానికి తగిలి నీళ్లయ్యేటప్పుడు విడిచే వేడి గాలిలో కలిసిపోతది. సముద్రపు నీళ్లను కాగబెట్టి మంచినీళ్లు చేసే పెద్ద ప్లాంట్లు ఆ వేడిని పట్టి పక్క గదిలో నీళ్లు కాగబెడ్తయి, అందుకే వాటికి గిట్టుబాటు. నా పెట్టె లెక్కన మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున పది వేల మందికి ఇయ్యాలంటే 82 ఎకరాల అద్దాలు పరవాలె. ఆ జాగ ఎవరిస్తరు?

అదే చదరపు మీటరులో సోలార్ ప్యానెల్ పెడితే రోజుకు దగ్గర దగ్గర ఒక యూనిట్ కరెంటు వస్తది. సముద్రపు నీళ్లను కాగబెట్టకుండ, ఒత్తిడితో సన్నటి పొరలోంచి వడగట్టే ఆర్‌ఓ ప్లాంటుకు వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్లు చాలు. అంటే మూడు లీటర్ల జాగలో 200 లీటర్లకు పైనే! చెన్నైకి నీళ్లియ్యడానికి కట్టిన మీంజూరు, నెమ్మేలి ప్లాంట్లు ఆర్‌ఓవే.

మనకైతే గోదారి నీళ్లు నల్లాలకు వస్తున్నయి. ఫ్లోరైడ్ బోరు తప్ప దిక్కులేని ఇంటికి మాత్రం, ఉత్త తాగేటందుకే అయితే, స్టిల్ పనికొస్తది, ఫ్లోరైడ్ ఆవిరిలో రాదు. నలుగురికి నాలుగు చదరపు మీటర్లన్నా ఉండాలె. నా పెట్టెలో వచ్చేవి మాత్రం ఇన్వర్టర్ బ్యాటరీకే పోస్తున్న.